ఎం.ప్లాన్ కోర్సు రివ్యూ: మార్కులు సరే, పని వచ్చిందో లేదో ఎవరు చూశారు?

ముందు రేటింగ్ చెప్పేస్తా, మిగతాది తీరిగ్గా చదువుకోండి. ఎం.ప్లాన్ అంటే మాస్టర్ ఆఫ్ ప్లానింగ్, పట్టణ ప్రణాళికలో పీజీ. కోర్సు మొత్తానికి ఐదుకు మూడు. స్టూడియోకు, అంటే ఒక ఊరిని తీసుకుని సర్వే చేసి ప్లాన్ వేసే ప్రాక్టికల్ క్లాసుకు, విడిగా ఇవ్వమంటే నాలుగున్నర ఇస్తా. లైబ్రరీకి మూడు. హాస్టల్ భోజనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను రాయను. బ్రోషర్ రెండో పేజీలో పెద్ద అక్షరాలతో వేసే "అవుట్‌కమ్స్" లెక్కలకు మాత్రం ఒకటి. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ ఒకటి గురించే.

నాది చిత్తూరు. బీటెక్ సివిల్ తర్వాత రెండేళ్లు ఎం.ప్లాన్ చేసి, ఇప్పుడు తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర ఒక చిన్న ప్లానింగ్ ఆఫీసులో పని చేస్తున్నా. లే అవుట్లు, బిల్డింగ్ ప్లాన్లు, అప్పుడప్పుడు పెద్ద కన్సల్టెంట్లు సబ్ కాంట్రాక్టుకిచ్చే ల్యాండ్ యూజ్ సర్వేలు, ఇవే మాకు తిండి పెట్టేవి. కాలేజీ పేరు రాయను. నాకు పాఠం చెప్పిన మేడమ్‌లు ఇంకా అక్కడే ఉన్నారు, పైగా ఈ జబ్బు ఆ ఒక్క కాలేజీదే కాదు. ప్రైవేటు యూనివర్సిటీ, తిరుపతిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం. అంతవరకు చాలు.

బ్రోషర్‌లో రెండు అంకెలున్నాయి. "ప్రోగ్రామ్ అవుట్‌కమ్ అటెయిన్‌మెంట్: 3కి 2.7." "ప్లేస్‌మెంట్, హయ్యర్ స్టడీస్: 100 శాతం." ఫోన్ చేసే ప్రతి జూనియరూ "అక్కా, 2.7 అంటే మంచిదే కదా?" అంటాడు. ఆ 2.7 ఎలా పుట్టిందో నాకు బాగా తెలుసు. ఆఖరి సెమిస్టర్‌లో అక్రెడిటేషన్ (కోర్సుకు గుర్తింపు) టీమ్ వస్తోందని డిపార్ట్‌మెంట్ అంతా ఫైళ్ల మీద పడినప్పుడు, ఎక్సెల్ షీట్లు నింపే పని పీజీ పిల్లల నెత్తినే పడింది.

అయితే ముందు మంచి సంగతి. రెండో సెమిస్టర్ స్టూడియోకు అదృష్టం కొద్దీ మా ఊరే వచ్చింది. క్లాసులో పదకొండు మందిమి. గాంధీ సర్కిల్ నుంచి గ్రీమ్స్‌పేట వైపు వీధులు పంచుకున్నాం. ప్రతి ఇంటి ముందూ నిలబడి కింద అంగడా, పైన కాపురమా, ఎన్ని అంతస్తులు, మురుగు ఎటు పోతోంది అని రాసుకోవడమే పని. టౌన్ ప్లానింగ్ శాఖలో రిటైరైన ఒక పెద్దాయన వారానికోసారి వచ్చి పాఠం చెప్పేవారు. ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు ఉండే పటం) చేతికిచ్చి, "ఈ సర్వే నంబరు మూల ఎక్కడుందో పోయి నిలబడి చూపించండి" అనేవారు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే ఒప్పుకునేవారు కాదు. ముళ్లకంపల్లో సర్వే రాయి వెతకడం, లింకుల్లో (పాత సర్వే గొలుసు లెక్కలో) ఉన్న కొలతల్ని మీటర్లలోకి మార్చడం, కాగితం మీద బాగానే కలిసిన గీత నేల మీద పక్కవాడి ప్రహరీలోకి ఎందుకు పోతోందో తేల్చడం ఆయన దగ్గరే నేర్చుకున్నాం. ఇవాళ నా జీతంలో సగం ఆ పనికే వస్తోంది. స్కెచ్‌లో ఉన్న విస్తీర్ణం, నేల మీద ఉన్న విస్తీర్ణం కలవక ఆగిపోయిన లే అవుట్ ఫైళ్లు మా ఆఫీసు బీరువాలో ఎప్పుడూ ఉంటాయి.

ఒక పొద్దున టేపు పట్టుకుని రోడ్డు వెడల్పు కొలుస్తున్నాం. అరుగు మీద కూర్చున్న తాత అడిగాడు: "ఏం పాపా, రోడ్డు కొలిచేకి వచ్చినారా? మా ఇల్లు ఎన్నడుగులు పోతాది?"

"లేదు తాతా, మేం చదువు కోసం కొలుస్తున్నాం."

"అందురూ అట్లే అంటారు. ముందు చదువు కోసమని కొలుస్తారు, ఆమైన వచ్చి గోడ మీద ఎర్ర పెయింటు పూస్తారు."

మేమంతా నవ్వేసి ముందుకు పోయాం. ఎస్వీ యూనివర్సిటీలో జాగ్రఫీ ఎంఏ చేసి మాతో చేరిన ఒకమ్మాయి మాత్రం ఆయన పక్కనే కూర్చుండిపోయింది. ఏ ఇల్లు ఎవరిది, ఎవరు అద్దెకున్నారు, పాత కాలువ ఏ ఇంటి కిందుగా పోయేది, అంతా నోట్‌బుక్‌లో రాసుకుంది. నెల తర్వాత జ్యూరీలో, అంటే చేసిన పని ఎగ్జామినర్ల ముందు పెట్టే పరీక్షలో, ఆ వీధిని వెడల్పు చేయాలని మా షీటు మీద ఎర్ర గీతలు కొట్టి చూపించాం. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒకే ప్రశ్న వేశారు: "ఎన్ని ఇళ్లు తగ్గుతాయి? ఎవరివి?" రెండు రాత్రులు నిద్ర మానేసి రెండర్లు (కంప్యూటర్లో రంగుల బొమ్మలు) చేసిన ఆర్కిటెక్ట్ అబ్బాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచి వరసగా చదివింది. ఇంటి యజమాని, అద్దెదారు, వాళ్ల వృత్తి, పోయే అడుగులు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఆ రోజు అర్థమైంది, మాలో ఎవరికి ప్లానింగ్ వచ్చో.

ఇప్పుడు ఎక్సెల్ షీటుకు వద్దాం.

ప్రతి సబ్జెక్టుకు ఐదారు కోర్స్ అవుట్‌కమ్‌లు రాస్తారు, వాటిని సీవోలంటారు. కోర్సు మొత్తానికి ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు ఉంటాయి, అవి పీవోలు. ఇంజినీరింగ్ పీజీలకు ఎన్‌బీఏ (ఇలాంటి కోర్సులకు గుర్తింపిచ్చే జాతీయ సంస్థ) ఇచ్చిన పీవోలు మూడే: సొంతంగా పరిశోధన చేసి అసలు సమస్యను పరిష్కరించగలగడం, పెద్ద టెక్నికల్ రిపోర్టు రాసి వివరించగలగడం, తన స్పెషలైజేషన్‌లో పట్టు సాధించడం. మా డిపార్ట్‌మెంట్ ఆ మూడూ తీసుకుని, తనవి ఇంకో రెండు కలిపింది. ఏ సీవో ఏ పీవోకు ఎంత పనికొస్తుందో 1, 2, 3 అని ఒక పట్టిక వేస్తారు. తర్వాత పరీక్షలో ప్రతి ప్రశ్నకూ పక్కన సీవో నంబరు వేసి, ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో ఎక్కిస్తారు. మా దగ్గర 60 శాతం మార్కులు దాటితే ఆ విద్యార్థి "సాధించినట్టు". క్లాసులో 60 శాతం మంది సాధిస్తే లెవెల్ 1, 70 శాతమైతే 2, 80 దాటితే 3. ఈ హద్దులు ఎవరో పైనుంచి ఇచ్చినవి కావు, డిపార్ట్‌మెంటే పెట్టుకుంటుంది. పరీక్షల లెక్కకు 80 వంతులు, సర్వే ఫారాలకు 20 వంతులు వేసి కలిపితే చివరికి ఒక దశాంశం వస్తుంది. మా 2.7 అలా పుట్టింది.

మా క్లాసులో పదకొండు మందేనని చెప్పాను కదా. ఎనిమిది మంది 60 దాటితే అది 72.7 శాతం, లెవెల్ 2. తొమ్మిదో మనిషి కూడా దాటితే 81.8, లెవెల్ 3. అంటే ఒక్క విద్యార్థికి ఆ పూట జ్వరం రాకపోతే డిపార్ట్‌మెంట్ బోధన ఒక లెవెల్ పెరిగినట్టు! నూట ఇరవై మంది ఉండే బీటెక్ క్లాసుకు సరిపోయే లెక్కను పదకొండు మందికి తొడిగితే ఇట్లాగే అవుతుంది. ఎం.ప్లాన్ క్లాసులు చాలాచోట్ల చిన్నవే. మూడు నాలుగు బ్యాచ్‌లు కలిపి చూస్తే కాస్త అర్థముంటుంది గానీ, ఒక ఏడాది అంకెను దశాంశంతో సహా బ్రోషర్‌కెక్కించడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు.

ప్రశ్నపత్రాల సంగతి ఇంకా సరదా. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ఇచ్చిన ఆరు మెట్ల వర్గీకరణ ప్రకారం గుర్తుపెట్టుకోవడం కింది మెట్టు, విశ్లేషించడం పై మెట్టు. పై మెట్టు ప్రశ్నలు తక్కువున్నాయని ఆడిట్‌లో రాశారట. మరుసటి పేపర్లో "మాస్టర్ ప్లాన్ తయారీ దశలను వివరించండి" కాస్తా "విశ్లేషించండి" అయింది. మేం రాసిన జవాబు మాత్రం అదే, ఇంపార్టెంట్ ప్రశ్నల జిరాక్సులోది. షీటులో మాత్రం ఆ గడి నాలుగో మెట్టు.

మరి ఆ జాగ్రఫీ అమ్మాయి జవాబు ఎక్కడికెక్కింది? స్టూడియో జ్యూరీకి ఒకే మార్కుల గడి ఉంది. ఆ అమ్మాయికి 62, ఆర్కిటెక్ట్ అబ్బాయికి 78, ఇద్దరి పక్కనా "వై". ఇద్దరూ సాధించినట్టే, అబ్బాయి ఎక్కువ సాధించినట్టు. ఎం.ప్లాన్‌లో బీ.ఆర్క్ వాళ్లు, బీ.ప్లాన్ వాళ్లు, సివిల్ వాళ్లు, జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీ పీజీలు చేసినవాళ్లు కలిసి కూర్చుంటారు. ఐదేళ్లు డ్రాయింగులు వేసి వచ్చినవాడికి షీటు వేయడం మంచినీళ్లు తాగినంత తేలిక. ఆటోక్యాడ్ తెరవడమే తెలియని పిల్ల రెండేళ్లలో జోనల్ ప్లాన్ గీసి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో లేయర్లు కట్టి చూపించింది. ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో చేరిన వారంలోనే ఒక చిన్న పరీక్ష పెట్టి రాసుకుని ఉంటే, కోర్సు ఎవరికి ఎంత నేర్పిందో తెలిసేది. అలాంటి గడే షీటులో లేదు. కాలేజీకి నిజంగా గొప్ప పేరు తెచ్చే అంకె అదే, పోగొట్టుకున్నది కూడా వాళ్లే.

న్యాయంగా చెప్పాలంటే ఈ పద్ధతి మూలంలో చెడ్డది కాదు. 2014లో ఇండియా వాషింగ్టన్ అకార్డ్‌లో (దేశాలు ఒకరి డిగ్రీలను ఒకరు గుర్తించుకునే ఒప్పందం) పూర్తి సభ్యత్వం తీసుకున్నాక, "మీరేం బోధించారు" కన్నా "మీ పిల్లలకేం వచ్చింది" అని అడగడం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో గట్టిగా మొదలైంది. ఆ ఒప్పందం ఇంజినీరింగ్ డిగ్రీల కోసం. దాని ఫార్మాట్లు మాత్రం అన్ని డిపార్ట్‌మెంట్లకూ పాకాయి. ప్రశ్న మంచిదే. అయితే జవాబు చెప్పేదీ, దిద్దేదీ, హద్దు గీసేదీ ఒకరే అయితే 2.7 కాక ఇంకేం వస్తుంది?

ఇక ఆ 20 వంతుల సర్వేలు. ఇది మాత్రం మీరు నమ్మరు. ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు నాకు పూర్వ విద్యార్థి ఫారం వచ్చింది, నింపి పంపాను. అదే వారం మా సార్ మెయిల్‌కు ఎంప్లాయర్ ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది: మీ దగ్గర పని చేస్తున్న మా విద్యార్థిని నైపుణ్యాలను 1 నుంచి 5 వరకు అంచనా వేయండి అని. సార్ ఆ రోజు ఒక ఓపెన్ స్పేస్ తగాదాలో తలమునకలై ఉన్నారు. లే అవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలి కదా, ఆ పది శాతాన్ని వాగు గట్టు మీద చూపించిన యజమానితో ఫోన్లో అరుస్తున్నారు. నావైపు తిరిగి, "అదేందో నువ్వే నింపేయమ్మా, నాకు తీరికలేదు" అన్నారు. నా గురించి నేనే, మా సార్ పేరుతో, మార్కులు వేసుకున్నా. కమ్యూనికేషన్‌కు 5, టీమ్ వర్క్‌కు 5, టెక్నికల్ నాలెడ్జ్‌కు మరీ అనుమానం రాకుండా 4. ఇవన్నీ ఆ దశాంశంలో కలిసే ఉంటాయి.

నన్ను అడగకుండా మా సార్‌ను ఫోన్‌లో పట్టుకుని రెండు నిమిషాలు అడిగి ఉంటే అసలు సంగతి చెప్పేవారు. చేరిన కొత్తలో నాకు బిల్డింగ్ రూల్స్‌లో సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) పట్టిక చూడటం రాదు. ఏ జీవోలో ఏముందో, ఆన్‌లైన్‌లో ఫైలు ఎందుకు వెనక్కొస్తుందో తెలియదు. సుస్థిర నగరాల గురించి ముప్పై స్లైడ్లు చెప్పమంటే చెప్పేదాన్ని. కోర్సులో ప్లానింగ్ చట్టాలకు ఒక పేపరుంది, 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూల్‌లోని మున్సిపాలిటీల పద్దెనిమిది విధులు బట్టీ పట్టాం. ఒక్క నిజమైన ఫైలు మాత్రం చూడలేదు.

ప్లేస్‌మెంట్ 100 శాతం గురించి కూడా విప్పి చెప్తా. పదకొండు మందిలో ఇద్దరం కన్సల్టెన్సీల్లో ఉన్నాం. ఒకరు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) కంపెనీ, ఒకరు కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. ఇద్దరు రియల్ ఎస్టేట్ సేల్స్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో ఐటీలో, ఒకరు ఎం.ప్లాన్‌కు ముందు చేసిన సైట్ ఇంజినీర్ పనికే తిరిగి వెళ్లారు. మిగిలిన ఇద్దరు ఇంట్లో కూర్చుని ప్రభుత్వ పోస్టులకు ప్రిపేరవుతున్నారు, వాళ్లు "హయ్యర్ స్టడీస్" గడిలో ఉన్నారు. ప్లానింగ్ పని చేస్తున్నది గట్టిగా లెక్కేస్తే నలుగురు. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో గ్రాడ్యుయేషన్ అవుట్‌కమ్స్ అనే భాగంలో మీడియన్ జీతం (జీతాలన్నీ వరసగా పేరిస్తే మధ్యలో పడేది) కూడా చూస్తారు. విల్లాలు అమ్మేవాడి జీతం, ఐటీ జీతం ఆ లెక్కను పైకి లాగుతాయి. జాగ్రఫీ అమ్మాయి ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి ఉంటే కిందికి లాగేది.

అమెరికాలో ప్లానింగ్ కోర్సులకు విడిగా ప్లానింగ్ అక్రెడిటేషన్ బోర్డు ఉంది. గుర్తింపు కావాలంటే కోర్సు ఫీజు, మధ్యలో మానేయకుండా ఎందరు మిగిలారు, ఎందరు డిగ్రీ పూర్తి చేశారు, ఏడాదిలోపు ఎందరికి ప్లానింగ్‌లోనో దానికి దగ్గరి రంగంలోనో ఉద్యోగం వచ్చింది, ఏఐసీపీ అనే వృత్తి పరీక్షలో ఎందరు నెగ్గారు అన్నవి వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. అక్కడంతా బంగారమని కాదు. కానీ ఆ ఏఐసీపీ పరీక్ష పెట్టేది కాలేజీ కాదు, బయటివాళ్లు. మన దగ్గర 1951 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా ఉంది, గుర్తింపున్న డిగ్రీ ఉంటే అసోసియేట్ సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎందరు చేసుకున్నారని మా డిపార్ట్‌మెంట్‌లో నేనడిగితే, అటువంటి రికార్డు పెట్టలేదన్నారు.

తప్పంతా కాలేజీల మీద వేయడం కూడా సరికాదు. 2021లో నీతి ఆయోగ్ అర్బన్ ప్లానింగ్ సామర్థ్యంపై ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణ ప్రాంతాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. అదే నివేదిక ప్రకారం అప్పటికి రాష్ట్రాల టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖల్లో 12,000కు పైగా టౌన్ ప్లానర్లు కావాలి, మంజూరైన పోస్టులు 4,000 కూడా లేవు, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. పైగా చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టులకు ప్లానింగ్ డిగ్రీయే తప్పనిసరి కాదు. మా సీనియర్ ఒకాయన ఎం.ప్లాన్ పట్టా పట్టుకుని వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీగా పని చేస్తున్నాడు. దానికి డిప్లొమా సివిల్ చాలు. ఆయన్ను కూడా ప్లేస్‌మెంట్ జాబితాలో వేశారు, ఫొటోతో సహా.

ఇంతకీ నాలో కోర్సు ఏం మిగిల్చిందో నన్నడిగితే థీసిస్ వైవా చెప్తా. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల కాపురాల ఇళ్లు లాడ్జీలుగా మారిపోవడం నా అంశం. లెక్క చిన్నదే. ఐదుగురుండే ఇంటికి మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 675 లీటర్ల నీళ్లు. అదే ఇంటి స్థలంలో ఇరవై మంచాల లాడ్జి లేస్తే, మంచానికి 180 చొప్పున 3,600 లీటర్లు. జనాభా లెక్కల్లో ఆ వీధి జనం తగ్గినట్టు కనిపిస్తుంది, కుళాయి దగ్గర మాత్రం ఐదింతలు. చిక్కేమిటంటే ఎన్ని మంచాలున్నాయో ఏ లాడ్జి యజమానీ చెప్పడు. ట్యాక్స్ వాళ్లమని అనుమానం. చివరికి దుప్పట్లు ఉతకడానికి తీసుకెళ్లే లాండ్రీ ఆటో అన్నను పట్టుకున్నా. "అన్నా, ఏ లాడ్జి నుంచి ఎన్ని దుప్పట్లొస్తాయి?" అంటే చిట్టా పుస్తకమే నా చేతిలో పెట్టాడు. గదుల లెక్కతో సరిచూసుకుని మంచాల అంచనా వేశా.

వైవాలో ఎగ్జామినర్ నా మ్యాపులు పక్కన పెట్టేసి, "ఈ మంచాలు ఎట్లా లెక్కపెట్టావు?" అని అడిగి, జవాబు మీద అరగంట కూర్చున్నారు. పండగ రోజుల్లో దుప్పట్లు రెండుసార్లు మారవా, కొందరు సొంతంగా ఉతుక్కోరా, నీ అంచనాలో ఎంత తేడా ఉండొచ్చు అని చెమటలు పట్టించారు. రెండేళ్లలో నన్ను ఎవరైనా నిజంగా కొలిచారంటే ఆ అరగంటే. ఆయన ఏం అడిగారో, నేనేం చెప్పానో ఒక పేజీ రాసి ఫైల్లో పెడితే ఆ ఒక్క పేజీ వంద గడుల షీటు కన్నా ఎక్కువ చెప్పేది. పెట్టలేదు. "సీవో 5: సాధించారు" అని నేనే టైప్ చేశా.

చేరాలా వద్దా అంటే, స్టూడియో కోసం చేరొచ్చు. అది కూడా ఆ రిటైర్డ్ పెద్దాయన ఇంకా వస్తున్నారా అని కనుక్కుని. ఎస్పీఏ విజయవాడ లాంటి ప్రభుత్వ సంస్థలో సీటొచ్చే గేట్ ర్యాంకు ఉంటే ముందు అది చూసుకోండి. అడ్మిషన్ కౌంటర్లో 2.7 గురించి అడిగి టైం వృథా చేసుకోకండి, కౌంటర్లో కూర్చున్న అమ్మాయికీ తెలియదు పాపం. పోయిన బ్యాచ్ వాళ్లలో ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి, వాళ్లు చెప్పే ముగ్గురు కాకుండా మీరు జాబితాలోంచి ఏరుకున్న ముగ్గురివి. తర్వాత లైబ్రరీకి వెళ్లి పాత థీసిస్‌లు నాలుగు తీయించి, మొదటి పేజీలు వదిలేసి వెనక అనుబంధాలు చూడండి. సర్వే ఫారాలు, చేత్తో గీసిన స్కెచ్‌లు, కొట్టివేతలు ఉంటే పిల్లలు వీధుల్లోకి పోయినట్టు. థీసిస్‌లు రెండో అంతస్తులో తాళం వేసిన అలమారాలో ఉంటాయి, తాళం చెవి అటెండర్ దగ్గర. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆయన దొరకడు.